కవచమే న్యూట్రాన్లను పుట్టిస్తే?
డార్క్ మేటర్ (విశ్వంలో కంటికి కనిపించని పదార్థం) కోసం వెతికే డిటెక్టర్ల మీద వచ్చిన వ్యాసంలో, బయటి రేడియేషన్‌ను ఆపే కవచంగా డిటెక్టర్ చుట్టూ సీసం ఎంత మందంగా పేరిస్తే అంత మంచిదన్నట్టు రాశారు. గామా కిరణాల వరకు సరే. కానీ కాస్మిక్ కిరణాల వల్ల పై గాలిలో పుట్టే మ్యూయాన్ అనే కణం సీసంలోంచి దూసుకెళ్తే ఆ బరువైన కేంద్రకాల నుంచి న్యూట్రాన్లు ఊడిపడతాయి. డార్క్ మేటర్ వేటలో అసలు టెన్షన్ వీటితోనే. న్యూట్రాన్ డిటెక్టర్లో నింపిన జెనాన్ కేంద్రకాల్లో ఒక్కదాన్నే ఢీకొని బయటికి పోయిందంటే, ఆ సిగ్నల్ అచ్చం వింప్ కణం (డార్క్ మేటర్ దీనితోనే తయారై ఉండొచ్చని ఒక ఊహ) తగిలినట్టే ఉంటుంది. ఇటలీలోని గ్రాన్ సాసో భూగర్భ ప్రయోగశాలలో పైన 1,400 మీటర్ల రాయి ఉండబట్టి సుమారు 10 లక్షల మ్యూయాన్లలో ఒకటే కిందికి చేరుతుంది. అయినా కవచంలో మిగిలిన యురేనియం, థోరియం జాడలు ఊరుకోవు, వాటి నుంచీ న్యూట్రాన్లే. అందుకే అక్కడి జెనాన్‌ఎన్‌టీ అనే డార్క్ మేటర్ డిటెక్టర్ చుట్టూ ఉన్న నీటి ట్యాంకులో గడోలినియం అనే మూలకం కలిపారు. అది న్యూట్రాన్‌ను మింగగానే గామా కిరణాలు వెదజల్లి దాన్ని పట్టిస్తుంది. ఇంత ముఖ్యమైన విషయానికి వ్యాసంలో ఒక్క పేరా అయినా ఇవ్వాల్సింది.