బెండకాయ కొస విరిచేవాళ్ళకి ఒక మాట

ఇప్పుడే రైతు బజార్ నుంచి ఇంటికొచ్చా. కాళ్ళు కూడా కడుక్కోలేదు, ముందు ఇది రాసెయ్యకపోతే నాకు అన్నం దిగేలా లేదు.

పొద్దున ఏడున్నరకి ఒకాయన వచ్చాడు. అరవై ఏళ్ళుంటాయేమో, చేతిలో గుడ్డ సంచి, వాకింగ్ నుంచి అటే వచ్చినట్టున్నాడు. నా బెండకాయల కుప్ప ముందు నిలబడి ఒక్కో కాయ తీసి చిటుక్కున కొస విరిచి చూడటం మొదలెట్టాడు. విరిచింది సంచిలో వేసుకుంటే నాకేం బాధ లేదు. విరవటం, పక్కన పడెయ్యటం, ఇంకోటి తీయటం. "అయ్యా, విరవకండి, అన్నీ ఈ పొద్దున కోసినవే, కావాలంటే నేనే ఏరిస్తా" అన్నా. "చూసుకోకుండా ఎట్లా కొంటామమ్మా, డబ్బులు ఊరికే వస్తున్నాయా" అన్నాడు. చివరికి పావు కిలో తూయించుకుని వెళ్ళిపోయాడు. వెళ్ళాక లెక్కపెట్టా, కొసలు విరిగినవి 34 కాయలు. దగ్గర దగ్గర అర కిలో. కొన్నది పావు, పాడు చేసింది అర.

కొస విరిగిన చోట జిగురు ఊరి, గాలి తగిలి నల్లబడుద్ది. ఈ ఎండకి పదకొండింటికల్లా కాయంతా వడలిపోద్ది. తర్వాత వచ్చిన ఆవిడ ఆ నల్ల కొస చూసి "నిన్నటి కాయలా ఇవి" అని మొహం తిప్పుకుని పక్క స్టాల్‌కి పోద్ది. ఇవాళ నిజంగానే ఇద్దరు అట్లా పోయారు. తెల్లారకముందు కోసిన కాయని నిన్నటిదంటే నాకు కడుపులో ఎట్లా ఉంటదో చెప్పలేను.

బెండకాయ లేతదో ముదురుదో తెలియటానికి విరవక్కర్లేదండీ. వేలంత పొడుగుండి, ముట్టుకుంటే నూగు మెత్తగా తగిలి, పలకల మీద గింజలు ఉబ్బెత్తుగా కనపడకపోతే అది లేత కాయ. మధ్యలో వేళ్ళతో కొంచెం నొక్కితే చాలు. మా అత్తయ్యకి చూపు సరిగ్గా ఆనదు, అయినా చేత్తో తడిమి ముదురు కాయలన్నీ ఏరేస్తది. ఒక్క కొస విరవగా నేను చూళ్ళేదు ఇన్నేళ్ళల్లో.

అసలు ముదురు కాయ కుప్పలోకి రాకుండా ఉండటానికే కదా మేం చచ్చేది. బెండ పువ్వు పొద్దున విచ్చి సాయంత్రానికి వాడిపోద్ది, అక్కడి నుంచి నాలుగైదు రోజుల్లో కాయ కోతకొస్తది, ఆ మీద ఒక్క రోజు ఆలస్యమైనా పీచు పడుద్ది. వేసవిలో ఇంకా తొందర. అందుకే రోజు మార్చి రోజు కోస్తాం, పెళ్ళి లేదు, చావు లేదు, జ్వరం లేదు. పోయిన నెల మా చెల్లెలి కూతురి ఓణీల ఫంక్షన్‌కి కూడా కోత ముగించుకుని పది గంటల బస్సు పట్టుకుని వెళ్ళా, ఫోటోల్లో నా చేతులు చూస్తే ఎర్రగా దద్దుర్లు. బెండ నూగు అంత దురద. ఈ ఎండల్లో కోతకొచ్చే ఆడవాళ్ళందరూ ఇంట్లో మగాళ్ళ ఫుల్ హ్యాండ్స్ చొక్కాలు వేసుకుని, చేతులకి పాత సాక్సులు తొడుక్కుని కోస్తారు, చెమట పట్టాక ఆ నూగు లోపలికి పోయి మండుద్ది. పొద్దున ఐదింటికి మొదలెట్టి పదింటికి ఆపెయ్యాలి, ఆ తర్వాత చేలో నిలబడలేం, కోసిన కాయ కూడా నిలబడదు. తడి గోనెపట్టా కప్పి ఆటోలో వేస్తాం. తడి మరీ ఎక్కువైతే కాయ మీద నల్ల మచ్చలు, తక్కువైతే వడలిపోవటం. ఇంత చేసి తెచ్చిన కాయని ఆయన చిటుక్కుమనిపించాడు.

మొన్న హైదరాబాద్ నుంచి మా వదిన ఫోన్ చేసి, "బెండ ఎండకి బాగా వస్తదిగా, నీకేం ఢోకా లేదు" అంది. మిద్దె మీద నాలుగు కుండీల్లో వేసిందంట. ఎండకి వచ్చే మాట నిజమే వదినా, చలికి గింజ సరిగ్గా మొలవదు, అందుకే సంక్రాంతి దాటి చలి తగ్గాకే వేసవి పంట వేస్తాం. కానీ ఎండకీ ఒక హద్దుంది. 42 డిగ్రీలు దాటాక పువ్వు నిలవదు, రాలిపోద్ది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, మా గుంటూరు జిల్లాలో ఆ పదిహేను రోజులు చేలోకి పోతే సాళ్ళ మధ్య రాలిన పూలే. నాలుగు రోజులకోసారి తడి ఇవ్వాల్సిందే, ఒక తడి తప్పితే కాయ వంకర తిరుగుద్ది. ఆ వంకర కాయ కూడా ఎవరూ తీసుకోరు, రుచి అదే అయినా సరే.

ఇందాకటి నుంచి ఆయన మాటే చెవుల్లో తిరుగుతుంది. చూసుకోకుండా ఎట్లా కొంటామమ్మా. నేను కొన్నానయ్యా, చూసుకోకుండానే కొన్నా. రెండేళ్ళ కింద అరెకరానికి హైబ్రిడ్ విత్తనం, పావు కిలో ప్యాకెట్లు ఐదు, నాలుగు వేలు దాటింది. షాపులో నాకు చూపించింది ప్యాకెట్ మీద బొమ్మ. "వైరస్ తట్టుకుంటదమ్మా, కళ్ళు మూసుకుని వెయ్యండి" అన్నాడు. మొలక బాగానే వచ్చింది, బెండ విత్తనం మొలక శాతం కనీసం 65 ఉండాలి, అంతకంటే ఎక్కువే వచ్చింది, నేను సంబరపడ్డా. పాతిక రోజులకి ఆకుల్లో ఈనెలు పచ్చబడ్డాయి. ఆ పచ్చదనం పసుపు పచ్చ, వల పరిచినట్టు ఆకంతా పాకుద్ది. పల్లాకు తెగులు. తర్వాత ఆకులు చిన్నవైపోయి, వచ్చిన నాలుగు కాయలూ పాలిపోయి గట్టిగా వచ్చాయి. ఆ కాయలు చూస్తే ఎవరూ విరిచి కూడా చూడరు.

షాపుకి పోతే ఏమన్నాడో తెలుసా, "మందు లేటుగా కొట్టారమ్మా, ఇదిగో ఇది కొట్టండి" అని ఇంకో రెండు డబ్బాలు అంటగట్టాడు. ఆ తెగులుకి మందు లేదండీ! అది వైరస్. దాన్ని మోసుకొచ్చేది తెల్లదోమ, కొడితే దోమకి కొట్టాలి, అదీ ముందే. తెగులు కనపడిన మొక్కని పీకి తగలబెట్టటం తప్ప ఇంకో దారి లేదు. ఇది నాకు ఆ షాపతను చెప్పలేదు, తర్వాత ఒక వ్యవసాయ శాస్త్రవేత్త మీటింగ్‌లో చెప్తే తెలిసింది. అప్పటికి ఆ రెండు డబ్బాలు కూడా కొట్టేశా. నష్టపరిహారం అడుగుదామంటే బిల్లు లేదు, బిల్లు అడిగిన రోజున "ఊళ్ళో అందరం తెలిసినవాళ్ళమేగా" అన్నాడు. అదే ఆ రోజు నేను చేసిన తప్పు, ఇది చదివే రైతులెవరైనా ఉంటే విత్తనం కొన్న బిల్లు, ఖాళీ ప్యాకెట్, అడుగున మిగిలిన గుప్పెడు గింజలు పంట అయిపోయేదాకా దాచండి.

మా నాన్న కాలంలో పూసా సావని వేసేవాళ్ళు. ఢిల్లీలో తయారుచేసిన రకం, 1960 ప్రాంతంలో వచ్చింది, మొదట్లో ఈ పల్లాకుని బాగా తట్టుకునేదంట, పోను పోను దానికీ తెగులు పట్టుకుంది. ఆ తర్వాత అడవి బెండ జాతులతో కలిపి పర్భణీ క్రాంతి, బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ళ అర్క అనామిక రకాలు తెచ్చారు. నేనిప్పుడు అర్క అనామికే వేస్తున్నా. హైబ్రిడ్ అంత దిగుబడి రాదు, తెగులు అసలు రాదనీ చెప్పను, కానీ గింజ నేనే కట్టుకోవచ్చు. మంచి మొక్కల మీద కాయలు ఎండేదాకా వదిలేస్తా. విత్తే ముందు వంద గింజలు తడి గుడ్డలో చుట్టి మొలక చూసుకుంటా, మిగతావి రాత్రంతా నానబెట్టి విత్తుతా. తెల్లదోమని ఆపటానికి చేను చుట్టూ రెండు మూడు సాళ్ళు జొన్న, లోపల పసుపు రంగు జిగురు అట్టలు, వేపనూనె. ఇదంతా ఒక ఏడాది పంట మొత్తం పోగొట్టుకుని నేర్చుకున్నది.

అందుకే ఇవాళ అంత మండింది నాకు. నాలుగు వేలు పెట్టి కొన్న నాకు ఒక్క గింజ పగలగొట్టి చూసుకునే వీలు లేదు, పగలగొట్టినా లోపల వైరస్ తట్టుకునే గుణం ఉందో లేదో కంటికి కనపడదు. తొమ్మిది రూపాయలు పెట్టి కొనే ఆయనకి మాత్రం నా కుప్పంతా విరిచి చూసుకునే హక్కుంది. బోర్డు మీద రేటు ఇవాళ కిలో 36. ఆ రేటు కూడా నేను పెట్టింది కాదు.

ఆ 34 కాయలు అత్తయ్య పులుసులో వేసింది. వాసన వస్తుంది, తినబుద్ధి కావట్లేదు.

ఎల్లుండి మళ్ళీ కోత. ఎల్లుండి నుంచి స్టాల్ ముందు ఒక పళ్ళెంలో ఐదు కాయలు విడిగా పెడతా, విరిచి చూసుకోండి, కొరికి చూసుకోండి, డబ్బులొద్దు. అవి లేతగా ఉంటే కుప్పా లేతే, కోసిన చేతులు ఒకటే. కుప్ప మీద చెయ్యేసి విరిస్తే మాత్రం విరిచినవన్నీ కాటాలో వేసి మీ సంచిలోనే పోస్తా, ఎవరైనా సరే, ఎంత పెద్దవాళ్ళైనా సరే.