చెప్పులు విప్పే భయం ఏమైంది?

ప్రార్థన జరుగుతుంటే నా పక్కనే ఒకరు సెల్ఫీ తీసుకున్నారు. చేతులెత్తి, కళ్ళు మూసుకుని ఒకటి. అది బాగా రాలేదని మళ్ళీ ఇంకొకటి. ఎంత బాధేసిందో చెప్పలేను.

బైబిల్లో, మండుతున్న పొద దగ్గర దేవుడు మోషే ప్రవక్తను దగ్గరికి రావద్దన్నాడు, చెప్పులు విప్పమన్నాడు. మోషే భయంతో ముఖం కప్పుకున్నాడు. యెషయా ప్రవక్త గ్రంథం 6వ అధ్యాయంలో సెరాపులనే దేవదూతలు కూడా రెక్కలతో ముఖం కప్పుకుని ‘పరిశుద్ధుడు’ అని మూడుసార్లు పలికారు. దూతలకే అంత వణుకు! అది చూసిన యెషయాకు తన పెదవుల అపవిత్రత గుర్తొచ్చింది. మనకేమో ప్రమోషన్, సొంతిల్లు గుర్తొస్తాయి.

అడగడం తప్పనను. తండ్రైన దేవుణ్ణి కాక ఎవరిని అడుగుతాం? కానీ అడిగింది దొరకగానే ఆయన్ని మర్చిపోతాం, దొరక్కపోతే అలుగుతాం. దీన్ని భక్తి అని ఎలా అంటాం?

మలాకీ ప్రవక్త కాలంలో గుడ్డి, కుంటి పశువుల్ని బలికి తెచ్చారు. అలాంటివి మీ అధికారికి ఇచ్చి చూడండి అన్నాడు దేవుడు. మేనేజర్ పిలిస్తే ఫోన్ సైలెంట్‌లో పెట్టి జేబులో వేసుకుంటాం. మరి దేవుని ముందు?