ఆట ఎన్నింటికో చెప్పకుండా టికెట్లు అమ్మకండి

అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ (సాకర్ కాదు, బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఆట) సీజన్ టికెట్లు కొనేవాళ్లకి ఈ బాధ కొత్తగా చెప్పక్కర్లేదు. డబ్బు నెలల ముందే కట్టించుకుంటారు. ఏ శనివారం ఎవరితో ఆటో కూడా చెప్తారు. ఆ శనివారం పొద్దున పదకొండుకా, మధ్యాహ్నం రెండున్నరకా, రాత్రి ఏడుకా అన్నది మాత్రం చాలా మ్యాచ్‌లకి 12 రోజుల ముందు గానీ తేలదు. అప్పటికీ ఆ టైం నిర్ణయించే టీవీ వాళ్లు ఎటూ తేల్చుకోకపోతే 6 రోజుల ముందు చెప్పే వెసులుబాటు కూడా ఉంది. అంటే శనివారం ఆట ఎన్నింటికో ముందు ఆదివారం తెలుస్తుంది. శుభలేఖలు పంచేసి, ముహూర్తం మాత్రం పెళ్లి వారంలో చెప్తామంటే చుట్టాలు ఊరుకుంటారా? ఇక్కడ స్టేడియాల నిండా జనం ఏళ్ల తరబడి ఊరుకుంటున్నారు. నాకు ఇంక ఊరుకోవాలని లేదు. అందుకే ఇంత పొడుగు పోస్టు.

"టైం ఏదైతే ఏంటి, శనివారమేగా" అంటారు కొందరు. స్టేడియం పక్క వీధిలో ఇల్లున్నవాళ్లకి అది నిజమే. కానీ ఈ పెద్ద పెద్ద స్టేడియాల్లో చాలావరకు చిన్న యూనివర్సిటీ ఊళ్లలో ఉన్నాయి. పెన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్ల బీవర్ స్టేడియంలో లక్ష మందికి పైగా పడతారు. అది ఉన్న స్టేట్ కాలేజ్ ఊరి జనాభా దాదాపు 40 వేలు. మిగతావాళ్లంతా ఎక్కడెక్కడి నుంచో గంటల తరబడి కారు నడుపుకుంటూ వచ్చేవాళ్లే.

మేమూ ఆ బాపతే. మాకు మూడున్నర గంటల దారి. పదకొండు గంటల ఆటైతే ఇంకా తెల్లవారకముందే లేచి పిల్లల్ని నిద్రలోనే కారెక్కించాలి, లేదా శుక్రవారం రాత్రే వెళ్లి పడుకోవాలి. రాత్రి ఆటైతే ముగిసేసరికి పదిన్నర దాటుతుంది, పార్కింగ్‌లోంచి రోడ్డెక్కడానికి ఇంకో గంట. అప్పుడు శనివారం రాత్రికి గది కావాలి. మరి ఏ రాత్రికి బుక్ చేసుకోవాలి? ఆట ఉన్న వారాంతాల్లో ఆ ఊళ్లో గదులు ఎప్పుడో అయిపోతాయి, మిగిలినవి రెండు రాత్రులకి తక్కువ ఇవ్వమంటారు. సరే అని రెండు రాత్రులకీ కడతాం. వాళ్లు టైం చెప్పకపోవడానికి ఖర్చు మన జేబులోంచి పోతుందన్నమాట. హాస్పిటల్లో శనివారం షిఫ్టు ఉన్న నర్సు సెలవు అడగాలంటే ఏ పూటకని అడగాలి? పిల్లల శనివారం తెలుగు క్లాసు మానిపించాలా వద్దా? చూసుకునేవాళ్లు కావాల్సిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఎవరిని ఎప్పటినుంచి రమ్మనాలి? ఇవన్నీ చిన్న విషయాలే. కానీ ఒక మనిషి ఆటకి రావడమా మానడమా అన్నది తేలేది ఈ చిన్న విషయాల దగ్గరే.

పోనీ ఇంత పడీ స్టేడియంలోకి వెళ్లాక మన టైముకి విలువ ఉంటుందా అంటే, అక్కడా టీవీదే పెత్తనం. సైడ్‌లైన్ పక్కన ఎర్ర టోపీ పెట్టుకున్న మనిషి ఒకరు నిలబడి ఉంటారు. ఆయన పని టీవీ బ్రేకులు చూసుకోవడం. ప్రకటనలు నడుస్తున్నంతసేపూ ఆయన అక్కడ కనబడతాడు, ఆయన పక్కకి జరిగితే గానీ ఆట మళ్లీ మొదలవదు. టచ్‌డౌన్ (సాకర్‌లో గోల్ లాంటిది) పడుతుంది, జనం లేచి అరుస్తారు, బ్యాండ్ మోగుతుంది. అంతలో బ్రేక్. తర్వాత ఒక్క కిక్‌ఆఫ్ కొడతారు, బంతి నేరుగా మైదానం చివరన ఉండే ఎండ్ జోన్ దాటిపోతుంది. మళ్లీ బ్రేక్. ఆటగాళ్లు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడతారు, రిఫరీ బంతి దగ్గర ఎటో చూస్తుంటాడు. అరుపులతో వేడెక్కిన స్టేడియం రెండు నిమిషాల్లో చల్లారిపోతుంది. ఇంట్లో ఉన్నవాళ్లు ఆ టైంలో లేచి మంచినీళ్లు తాగుతారు. సెప్టెంబర్ మొదట్లో దక్షిణాది రాష్ట్రాల్లో పదకొండు గంటల ఆటకి వచ్చినవాళ్లు మాత్రం, కూర్చుంటే కాలే అల్యూమినియం బెంచీ మీద, ఆ రెండు నిమిషాలూ ఎండలో ఏమీ జరగని మైదానం చూస్తూ కూర్చుంటారు. గంట ఆట దాదాపు మూడున్నర గంటలు సాగుతుంది. 2023లో ఆట నిడివి తగ్గించడానికని రూలు మార్చారు. ఫస్ట్ డౌన్ వచ్చినప్పుడు (అంటే జట్టు బంతిని పది గజాలు ముందుకు తీసుకెళ్లినప్పుడు) గడియారం ఆపడం మానేసి, ఒక్కో హాఫ్‌లో చివరి రెండు నిమిషాలకే దాన్ని పరిమితం చేశారు. తగ్గింది ఆట. బ్రేకుల జోలికి ఆ రూలు పోలేదు. నాకు అన్నిటికంటే కోపం వచ్చింది అక్కడే.

ఇది మొదటినుంచీ ఇలా లేదు. 1950ల నుంచీ, కాలేజీ ఆటల్ని నడిపించే సంస్థ ఎన్‌సీఏఏ టీవీలో ఎన్ని ఆటలు చూపించాలో గట్టిగా కట్టడి చేసేది. ఇంట్లో కనబడితే గేటు దగ్గరికి ఎవరొస్తారన్నది వాళ్ల భయం. ఓక్లహామా, జార్జియా యూనివర్సిటీలు కోర్టుకెళ్లాయి. 1984లో సుప్రీంకోర్టు 7-2 తేడాతో ఆ కట్టడి చెల్లదని తీర్పిచ్చింది. ఒప్పుకోని ఇద్దరిలో ఒకరైన బైరన్ వైట్ కాలేజీ రోజుల్లో స్వయంగా ఫుట్‌బాల్ స్టార్. ఆ కట్టడి మళ్లీ రావాలని నేననను. టీవీలో ఆట చూసే నేనీ పిచ్చిలో పడ్డాను. కానీ ఆ తర్వాత కాన్ఫరెన్స్‌లు (తమలో తాము ఆడుకునే యూనివర్సిటీల కూటములు) టీవీతో బేరాలకి కూర్చున్న ప్రతిసారీ, స్టాండ్స్‌లో కూర్చునేవాళ్ల తరఫున మాట్లాడే మనిషి ఆ బల్ల దగ్గర లేకుండా పోయాడు. 2022లో బిగ్ టెన్ అనే కాన్ఫరెన్స్ కుదుర్చుకున్న ఏడేళ్ల ఒప్పందం 700 కోట్ల డాలర్ల పైమాట. 2024లో యూసీఎల్‌ఏ, యూఎస్‌సీ, ఆరెగన్, వాషింగ్టన్ యూనివర్సిటీలు కూడా బిగ్ టెన్‌లో చేరాయి. ఇప్పుడు న్యూజెర్సీలో ఉన్న రట్గర్స్, లాస్ ఏంజెలెస్‌లో ఉన్న యూసీఎల్‌ఏ ఒకే కాన్ఫరెన్స్. మధ్యలో మూడు గంటల టైం తేడా. ఈ జట్లలో ఒకదాని అభిమాని విమానమెక్కాలంటే 12 రోజుల ముందు టికెట్ ధర ఎంతుంటుందో వేరే చెప్పాలా?

జనం తగ్గినప్పుడు మాత్రం నింద జనం మీదికే వస్తుంది. 2018 సీజన్లో పై డివిజన్ ఆటలకి సగటు హాజరు 42 వేల లోపుకి పడిపోయింది. 1996 తర్వాత అప్పటిదాకా అంత తక్కువ ఎప్పుడూ లేదు. అదీ ప్రకటించిన లెక్క. ప్రకటించేది ఎక్కువగా అమ్మిన, పంచిన టికెట్ల సంఖ్య. గేటు దగ్గర స్కాన్ అయినవి అంతకన్నా తక్కువే ఉంటాయి. అలబామాలో స్టూడెంట్లు మధ్యలోనే వెళ్లిపోతున్నారని అప్పటి కోచ్ నిక్ సేబన్ బహిరంగంగానే బాధపడ్డారు. 2019లో ఆ యూనివర్సిటీ ఒక యాప్ తెచ్చింది. ఫోన్ లొకేషన్ చూసి, నాలుగో క్వార్టర్ దాకా స్టేడియంలో ఉన్న స్టూడెంట్‌కి పాయింట్లు వేసేది. పాయింట్లు ఎక్కువున్నవాళ్లకి పెద్ద మ్యాచ్‌ల టికెట్లు ముందు దొరికేవి. పంతొమ్మిదేళ్ల పిల్ల పదకొండు గంటల ఎండలో మూడున్నర గంటలు ఎందుకు ఉండలేకపోతోందని అడగాలి గానీ, వెళ్లిపోకుండా ఫోన్‌తో కాపలా కాయడమేంటి?

డబ్బు సంగతి నాకు తెలుసు. టీవీ డబ్బుతోనే స్విమ్మింగ్, రెజ్లింగ్, ట్రాక్ లాంటి ఆటలు బతుకుతున్నాయి. 2025 నుంచి యూనివర్సిటీలు ఆటగాళ్లకి నేరుగా డబ్బు ఇవ్వొచ్చు, మొదటి ఏడాది పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. ఆటగాళ్లకి అది ఎప్పుడో రావాల్సింది. కాబట్టి టీవీని వదులుకోమని ఎవరూ అడగట్లేదు. రాత్రి ఆట వద్దనీ అనట్లేదు. ఎల్‌ఎస్‌యూ (లూయిజియానా స్టేట్ యూనివర్సిటీ) వాళ్లు 1931 నుంచి రాత్రి ఆటలు ఆడుతున్నారు, అదే వాళ్ల ఊరి పండగ. అక్కడ జనం రాత్రికి తగ్గట్టే అన్నీ అమర్చుకున్నారు. ముందే తెలిస్తే మనిషి దేనికైనా సర్దుకుంటాడు.

ముందే చెప్పడం కుదరని పని కూడా కాదు. 2024లో ఎస్‌ఈసీ (ఎక్కువగా దక్షిణాది యూనివర్సిటీలున్న కాన్ఫరెన్స్) జూన్ నెలలోనే ప్రతి ఆటకీ పొద్దునా, మధ్యాహ్నమా, రాత్రా అని ప్రకటించింది. కొన్నిటిని మాత్రం మధ్యాహ్నం-రాత్రి మధ్య ఏదో ఒకటి అని అట్టే పెట్టుకుంది. కచ్చితమైన నిమిషం అక్కర్లేదు, ఆ మాత్రం చెప్తే హోటల్ ఏ రాత్రికో తెలుస్తుంది. ఆ ఒక్క పనికి ఎస్‌ఈసీ టీవీ డబ్బేం పోలేదు.

జనం గట్టిగా అడిగితే వింటారా అన్నవాళ్లకి జర్మనీ సంగతి చెప్పాలి. వాళ్లది మనం సాకర్ అనే ఫుట్‌బాల్ అనుకోండి. అక్కడి పెద్ద లీగ్ బుండెస్‌లీగా 2017-18లో సోమవారం రాత్రి ఆటలు తెచ్చింది, సీజన్‌కి అయిదంటే అయిదు. మర్నాడు పనికెళ్లాల్సినవాళ్లు ఎలా వస్తారని అభిమానులు తిరగబడ్డారు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో మైదానంలోకి టెన్నిస్ బంతులు విసిరారు. 2018 ఫిబ్రవరిలో డార్ట్‌మండ్, ఆగ్స్‌బర్గ్ ఆటకి 81 వేల సీట్ల స్టేడియంలో సుమారు 54 వేల మందే. ఎప్పుడూ పసుపు గోడలా నిండి కనబడే ఆ దక్షిణపు స్టాండ్‌లో ఖాళీలు టీవీలో అందరూ చూశారు. అదే ఏడాది నవంబర్‌లో లీగ్ దిగొచ్చింది, 2021-22 నుంచి సోమవారం ఆటలు తీసేస్తామని చెప్పింది. ఖాళీ సీట్లు టీవీకి కూడా నష్టమే, జనం లేని ఆటని ఎవరూ చూడరు.

బిగ్ టెన్ ఒప్పందం 2030లో ముగుస్తుంది. కొత్త బేరం అంతకు చాలా ముందే మొదలవుతుంది. సీజన్ టికెట్ రెన్యువల్‌తో పాటు వచ్చే సర్వేలో తిండి ఎలా ఉంది, వైఫై ఎలా ఉంది అని అడుగుతారు, ఆట టైం గురించి ఒక్క ప్రశ్న కూడా ఉండదు. చివర "ఇతర సూచనలు" అని ఒక పెట్టె మాత్రం ఇస్తారు. నేను అందులో రాస్తున్నది ఇదీ: పూట ఏదో జూన్ కల్లా చెప్పండి, 6 రోజుల నోటీసు పూర్తిగా తీసేయండి, ఎండాకాలం వదలకముందు పదకొండు గంటల ఆటలు పెట్టకండి, గడియారం ముట్టుకునే ముందు బ్రేకులు తగ్గించండి. మీ యూనివర్సిటీ ఏదైనా సరే, మీకూ ఆ సర్వే వస్తే ఇదే రాయండి. ఇంగ్లీషులో రాసిపెట్టిన కాపీ నా దగ్గరుంది, కావాలంటే కామెంట్లో అడగండి, పంపిస్తాను.