సర్వ లాటినో ప్రతినిధి టాకో గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ టాకో గారికి,

లాటిన్ అమెరికా మూలాలతో అమెరికాలో ఉన్న ఆరు కోట్ల పైచిలుకు లాటినోలకు (హిస్పానిక్స్ అన్నా దాదాపు వాళ్లే), మడిచిన మొక్కజొన్న రొట్టెలో మాంసమో కూరో పెట్టే మెక్సికన్ వంటకమైన మీరు ఏకైక ప్రతినిధి అయినందుకు అభినందనలు. ఎన్నిక ఎప్పుడు జరిగింది, ఓటేసిందెవరు అని అడగను. నామినేటెడ్ పోస్టుకి అవన్నీ ఎవరు చూస్తారు!

మీ నియామక పత్రం 2016 మే 5న ట్విట్టర్లో వెలువడింది. అంతకు పదకొండు నెలల ముందు, ప్రచారం మొదలుపెట్టిన రోజునే, మెక్సికో నుంచి వచ్చేవాళ్లు డ్రగ్స్ తెస్తున్నారు, నేరాలు తెస్తున్నారు, రేపిస్టులు అన్న ట్రంప్ గారు ఆఫీసు బల్ల మీద టాకో బౌల్ పెట్టుకుని, బొటనవేలు ఎత్తి చూపిస్తూ ఫొటో దిగారు. కింద "ఐ లవ్ హిస్పానిక్స్" అని రాశారు. ఆ ప్రేమలేఖకి మీరు జవాబిచ్చారో లేదో మరి.

అలాగని మిమ్మల్ని ఒక్క పార్టీకే అంటగట్టడం అన్యాయం. 2022 జులైలో టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో అప్పటి అధ్యక్షుడి భార్య జిల్ బైడెన్ గారు లాటినోల వైవిధ్యాన్ని పొగడబోయి, ఇక్కడి బ్రేక్‌ఫాస్ట్ టాకోలంత ప్రత్యేకం అనేశారు. "మేం టాకోలం కాదు" అని హిస్పానిక్ జర్నలిస్టుల సంఘం ప్రకటన ఇచ్చుకోవాల్సి వచ్చింది. చదువుకున్నవాళ్లు కూర్చుని, తాము తినే వస్తువు కాదని అధికారికంగా ఖండించుకున్నారు!

అదే ఊళ్లో మీ చుట్టం టమాలే గారికి ఇంకా ఘోరం జరిగింది. టమాలే అంటే మొక్కజొన్న పిండిలో మాంసమో మరొకటో పెట్టి, పొత్తు మీది పొరలో చుట్టి, ఆవిరి మీద ఉడికిస్తారు. పొర విప్పి పారేసి తినాలి. 1976 ఏప్రిల్లో ఎన్నికల ప్రచారానికొచ్చిన అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ అలామో కోట దగ్గర కెమెరాల ముందు దాన్ని పొరతో సహా కొరికారు. కోనసీమకి ఓట్ల కోసం వచ్చిన నాయకుడు పొట్టిక్కని పనసాకుతో సహా నమిలితే ఎలా ఉంటుందో అలాగన్నమాట. నవంబరులో టెక్సాస్ కార్టర్ చేతికి పోయింది. పొర వల్లే ఓడిపోయాడని నేననను. కానీ నోట్లో పెట్టుకునే ముందు "ఇదెలా తింటారండీ" అని పక్కనున్న ఒక్కరినైనా అడగాలని ఆయనకి తోచలేదు చూశారా, ఆ ధీమా నాకు భలే నచ్చింది.

2018 జూన్ సంగతి మీరు మర్చిపోయి ఉండరు. సరిహద్దు దాటి వచ్చిన తల్లిదండ్రుల దగ్గర్నుంచి పిల్లల్ని వేల సంఖ్యలో విడదీస్తున్న రోజులవి. సరిహద్దుల భద్రత శాఖ చూసే అప్పటి మంత్రి కిర్స్టెన్ నీల్సన్ గారు ఒక రాత్రి భోజనానికి వాషింగ్టన్లో ఏరికోరి మెక్సికన్ రెస్టారెంటుకే వెళ్లారు. నిరసనకారులు లోపలికొచ్చి అరిచేసరికి భోజనం మధ్యలో ఆగింది. పాపం, ఆకలికి శాఖాపరమైన విభేదాలుండవు.

మిమ్మల్ని మాత్రం ఎవరూ ఆపలేదు. కాలిఫోర్నియాలో శాన్ బెర్నార్డినో అనే ఊళ్లో 1937 నుంచి మిట్లా కేఫ్ అని ఒక మెక్సికన్ కుటుంబం హోటలు ఉంది. ఎదురుగా బండి పెట్టుకున్న గ్లెన్ బెల్ అనే ఆయన అక్కడ తిని, చూసి, నేర్చుకుని, చివరికి 1962లో టాకో బెల్ అనే ఫాస్ట్‌ఫుడ్ హోటళ్ల కంపెనీ పెట్టారు. మీరు రోడ్డు దాటడానికి ఏ కాగితమూ అవసరపడలేదు. అదే ఊళ్లో మీ వాళ్లు మున్సిపాలిటీ ఈతకొలనులో దిగడానికి మాత్రం కోర్టుకెక్కాల్సి వచ్చింది. 1944లో గెలిచారు.

తర్వాత మీ మంగళవారాన్ని కూడా రిజిస్టరు చేసేసుకున్నారు. "టాకో ట్యూస్‌డే" అనే మాట మీద వయోమింగ్‌కి చెందిన ఒక కంపెనీకి 1989 నుంచి ట్రేడ్‌మార్కు ఉండేది. టాకో బెల్ గొడవపెడితే 2023లో వదులుకుంది. మెక్సికో వాళ్ల వంట మీద ఇద్దరు అమెరికన్ల దాయాది తగాదా!

ఒక చిక్కుంది టాకో గారూ. ప్యూర్టోరికో వాళ్లకి మీరు ఇంటి వంట కాదు. క్యూబా వాళ్లకీ కాదు. సాల్వడార్ వాళ్లని అడిగితే తమ వంట పుపూసా అనే కూరిన రొట్టె అంటారు. ఇంతమందిని ఒకే ప్లేటులో వడ్డించేశాక, 2024లో లాటినో ఓటర్లలో నూటికి నలభై మందికి పైగా ట్రంప్‌కే ఓటేశారని తేలితే టీవీ విశ్లేషకులు తెల్లమొహాలు వేశారు. ప్యూర్టోరికో గాయకుడు బ్యాడ్ బన్నీ గారి సంగతీ అంతే. 2020 నుంచి వరుసగా మూడేళ్లు స్పాటిఫైలో ప్రపంచమంతా ఎక్కువగా విన్న గాయకుడు, పుట్టుకతోనే అమెరికా పౌరుడు. అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లో పాడతాడని 2025లో ప్రకటిస్తే, ఆయనెవరో తనకి తెలీదన్నారు మన బొటనవేలు గారు. చేతిలో మిమ్మల్ని పట్టుకుని వేదికెక్కి ఉంటే గుర్తుపట్టేవారేమో!

మా వాళ్లకీ ఒకరు తయారవుతున్నారు లెండి. 2019లో కమలా హారిస్ గారు నటి మిండీ కేలింగ్‌తో కలిసి కెమెరా ముందు మసాలా దోశ వేశారు. దోశ గారు ఇంకా ట్రైనింగులో ఉన్నారు. మీ అనుభవం కాస్త చెప్పండి.

ఇంతకీ ఈ ఉత్తరం ఎందుకంటే, వచ్చేసారి అధ్యక్ష పదవికి మీరే నిలబడిపోండి. ముప్పై అయిదేళ్లు ఎప్పుడో నిండాయి. పద్నాలుగేళ్ల నివాసం నిబంధనా సరిపోతుంది. రెండు పార్టీలకీ మీరంటే ప్రాణం. పుట్టింది ఇక్కడేనా అనే లిటిగేషన్ ఒక్కటే మిగులుతుంది. ఒరిజినల్ బర్త్ సర్టిఫికెట్ ఒకటి దగ్గర పెట్టుకోండి. జిరాక్సు చూపిస్తే ఊరుకోరట, ఒబామా గారిని కనుక్కోండి.

ఇట్లు,
మిమ్మల్ని ఎన్నుకోని ఓ శ్రేయోభిలాషి