పోప్ క్యాలెండరు, మన వ్యావహారికం

జనవరి ఒకటిన పొద్దున్నే ఆరు గంటలకల్లా మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఆ మెసేజి పడుతుంది. ఏటా అదే మెసేజి, అవే కాషాయం రంగు అక్షరాలు: ఇది మన కొత్త సంవత్సరం కాదు, చెట్లు చిగురించలేదు, కోయిల కూయలేదు, మనకు ఉగాదే, తెల్లవాడి పండగ మనకెందుకు. మేముండేది చెన్నైలో, వేళచ్చేరిలో. ఇక్కడ ఉగాదికి కూడా కోయిల కూయదు, వాటర్ ట్యాంకర్ హారన్ కొడుతుంది. మెసేజి పెట్టేది నెల్లూరు నుంచి వచ్చి ముప్ఫై ఏళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్న పెద్దాయన, చాలా మంచి మనిషి. కిందటేడు లిఫ్టులో కనబడి "ఏం బాబూ, పోప్ గారి పండక్కి కేకు కోశారా?" అన్నారు. "కోశాం బాబాయ్ గారూ, మరి మీ పెన్షన్ నెలాఖరుకే పడిందా, పాడ్యమి దాకా ఆగమన్నారా?" అన్నాను. నవ్వారు. మర్నాడు ఇంకో మెసేజి పెట్టారు.

నా మాట ముందే చెప్పేస్తాను. మతంలోంచి పుట్టిన క్యాలెండరును ఏ మతానికీ చెందని ప్రభుత్వం, ఏ మతమూ పట్టని మనుషులు కూడా నిక్షేపంగా వాడుకోవచ్చు. దాన్ని మార్చడానికి ఎవరైనా కమిటీ వేస్తే ఆ కమిటీ టీ ఖర్చు కూడా దండగే.

మనం రోజూ వాడే ఈ జనవరి-డిసెంబర్ లెక్క మతం పెట్టిన క్యాలెండరే, దాచాల్సిందేమీ లేదు. ఈస్టర్ పండగ వసంతంలో పగలూ రాత్రీ సమానమయ్యే రోజును బట్టి రావాలి. పాత జూలియన్ లెక్కలో ఏడాదికి సుమారు 11 నిమిషాలు ఎక్కువ పడి, ఆ రోజు మార్చి 21 నుంచి జారుకుంటూ 1582 నాటికి మార్చి 11 దాకా వచ్చేసింది. పోప్ 13వ గ్రెగరీ పది రోజులు కొట్టేయించాడు. అక్టోబర్ 4 గురువారం రాత్రి పడుకున్నవాళ్లు తెల్లారి లేచేసరికి అక్టోబర్ 15 శుక్రవారం. మళ్లీ జారకుండా నాలుగు వందల ఏళ్లలో మూడు లీపు రోజులు తగ్గించారు. ఇంతే కథ. ఈస్టర్ సంగతి ఎప్పుడో మరిచిపోయాం, లెక్క మాత్రం మిగిలింది.

మరిచిపోయామని ఎలా అంటావు అంటే, ఆ లెక్కను ఎవరు తీసుకున్నారో, ఎవరు మొండికేశారో చూడండి. ప్రొటెస్టెంట్ ఇంగ్లండ్ పోప్ మాట మేం వినడమేంటని 170 ఏళ్లు బిగుసుక్కూర్చుని, చివరికి 1752లో సెప్టెంబర్ 2 మర్నాటిని 14 అని రాసుకుంది. రష్యాలో ఇంకా తమాషా. చర్చి పొడ గిట్టని లెనిన్ ప్రభుత్వం 1918లో జనవరి 31 మర్నాటిని ఫిబ్రవరి 14 చేసి పోప్ లెక్కలోకి వచ్చేసింది, దేవుణ్ని నమ్మే రష్యన్ చర్చి మాత్రం ఇప్పటికీ పాత లెక్క పట్టుకుని క్రిస్మస్‌ను జనవరి 7న చేసుకుంటోంది. (అక్టోబర్ విప్లవం వార్షికోత్సవం నవంబర్ 7న ఎందుకొస్తుందో మన కమ్యూనిస్టు పెదనాన్నల్ని అడిగితే చెబుతారు.) నాస్తికుడు పోప్ లెక్క తీసుకున్నాడు, ఆస్తికుడు వద్దన్నాడు. ఇక ఆ క్యాలెండర్లో మతం ఎక్కడుందో మీరే వెతుక్కోండి.

పోనీ అది పరాయిది, మనది స్వచ్ఛం అందామా? ఏడు వారాలే తీసుకోండి. శుక్రవారం లక్ష్మీదేవి, శనివారం వెంకన్న, మంగళవారం కొత్త పని మొదలుపెట్టకూడదు, ఇవన్నీ సృష్టి మొదలైనప్పటి నుంచీ ఉన్నట్టే మాట్లాడతాం. మన పాత జ్యోతిష గ్రంథం వేదాంగ జ్యోతిషంలో తిథులున్నాయి, నక్షత్రాలున్నాయి, ఆదివారం సోమవారం మాత్రం లేవు. గ్రహాల పేర్లు పెట్టుకున్న వారం పడమటి నుంచి గ్రీకుల జ్యోతిషంతో పాటు మన దేశానికి వచ్చింది. వారం పేరు వేసి తేదీ చెప్పిన తొలి శాసనాల్లో మధ్యప్రదేశ్‌లోని ఏరణ్ శాసనం ఒకటి. గుప్తరాజు బుధగుప్తుడి కాలం, క్రీ.శ. 484, ఆషాఢ శుద్ధ ద్వాదశి, గురువారం. మన గురుడే అక్కడ జూపిటర్, మన శుక్రుడే అక్కడ వీనస్. మా అత్తయ్య శుక్రవారం పూట ఇంట్లోంచి రూపాయి బయటికి పోనివ్వదు. ఆవిడతో ఈ చరిత్ర చర్చించే ధైర్యం నాకింకా రాలేదు.

ఇంతకీ మన పురోహితులు మా గ్రూపు కంటే తెలివైనవాళ్లు. వ్రతానికి కూర్చున్నప్పుడు సంకల్పం ఎప్పుడైనా చెవిపెట్టి విన్నారా? దేశం, నది, ఊరు అన్నీ అయ్యాక "అస్మిన్ వర్తమాన వ్యావహారిక చాంద్రమానేన" అని, అప్పుడు సంవత్సరం, అయనం, ఋతువు, మాసం చెబుతారు. వ్యావహారిక! ప్రస్తుతం వాడుకలో ఉన్న చంద్రుడి లెక్క ప్రకారం అని అర్థం. ఇదొక్కటే నిజమైన కాలం, మిగతావన్నీ దొంగ కాలాలు అని ఆయన అనడం లేదు, నలుగురూ వాడుతున్నారు కాబట్టి దీంతో చెబుతున్నాను స్వామీ అంటున్నాడు. దేవుడి ఎదురుగా పీట మీద కూర్చుని, తేదీ అనేది వాడుక వ్యవహారం అని ఒప్పుకున్న సంప్రదాయం మనది, వాట్సాప్‌లోకి వచ్చేసరికి మాత్రం ప్రాణం మీదికొచ్చినట్టు కొట్లాడతాం.

అవతలి వాదన పనికిమాలినదని నేననను. క్రీస్తు పుట్టుక నుంచి లెక్కపెట్టిన సంవత్సరాన్ని ముస్లిం పిల్లాడూ, హిందూ పిల్లాడూ, ఏ దేవుడూ లేని ఇంటి పిల్లాడూ నోట్‌బుక్కు మీద రాయాల్సి రావడం ఏం న్యాయం, పైగా ఇది మనం కోరి తెచ్చుకున్నది కాదు, కుంపిణీవాళ్లు రుద్దింది కదా అంటారు. రుద్దిన మాట నిజమే, రైలునీ అట్లాగే రుద్దారు, దిగిపోయినవాడు ఒక్కడూ లేడు. క్రీ.శ. తీసేసి సా.శ. (సామాన్య శకం) అని రాస్తే సరిపోతుందని కొందరంటారు. నాకైతే బోర్డు మార్చి అదే షాపు నడుపుతున్నట్టుంటుంది. అసలా లెక్కే తప్పు, 525లో డయోనిసియస్ అనే సన్యాసి కట్టింది. బైబిల్ ప్రకారం యేసు పుట్టింది హేరోదు రాజు బతికుండగా, ఆ రాజు క్రీ.పూ. 4లోనే పోయాడని ఎక్కువమంది చరిత్రకారుల మాట. అంటే క్రీస్తు క్రీస్తుపూర్వంలోనే పుట్టేశాడు. మొదట్లోనే తప్పిన ఆ అంకె మీద భక్తి పుట్టేదెవరికి?

సరే, మతం వాసన లేని, సైన్సుతో కడిగి ఆరేసిన క్యాలెండరు కావాలా? మన దగ్గరే ఉంది. నక్షత్రాల వెలుగును విడదీసి చూసి వాటి వేడి లెక్కగట్టే దారి చూపించిన మేఘనాద్ సాహా అధ్యక్షతన 1952లో కమిటీ వేశారు. దేశంలో వాడుకలో ఉన్న 30 దాకా పంచాంగాలను ముందేసుకుని కూర్చుని 1955లో నివేదిక ఇచ్చారు. 1957 మార్చి 22న, అంటే శక సంవత్సరం 1879 చైత్రం 1న, అది జాతీయ క్యాలెండరు అయింది. అప్పటికి ఏడాది కిందటే చనిపోయిన సాహా ఆ రోజు చూడలేదు. ఎంత చక్కని లెక్కో! చైత్రానికి 30 రోజులు, లీపు ఏడాదైతే 31, తర్వాత ఐదు నెలలకు 31, మిగతా ఆరు నెలలకు 30, ఏడాది మొదలయ్యేది సరిగ్గా వసంతంలో. గెజిట్ మీద ఇప్పటికీ ఆ తేదీ అచ్చవుతుంది. శక తేదీ వేసి హిందీలో రాసిన చెక్కును బ్యాంకులు తీసుకోవాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన కూడా ఉంది. మీకు తెలిసినవాళ్లలో ఎవరైనా రాశారా? ఈ రోజు శక తేదీ ఎంతో చెప్పమంటే, ఇంత వ్యాసం రాస్తున్న నేనూ ఫోన్ తీయాల్సిందే.

ఆ కమిటీ ఇంకో సంగతి కూడా ఎత్తి చూపించింది, అది పండగ పూట ఎవరికీ రుచించదు. సూర్యుడు ఉత్తరం వైపు మళ్లేది డిసెంబర్ 21, 22 తేదీల్లో. మనం ఉత్తరాయణ పుణ్యకాలం అని స్నానాలు చేసేది జనవరి 14నో 15నో. తేడా 23 రోజుల పైమాటే, 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున ఇంకా పెరుగుతోంది. అక్కడ పోప్ పది రోజులు కొట్టేయించాడు. ఇక్కడ మనం ఆకాశంలో కనిపించేదాన్ని బట్టి కట్టే దృక్ పంచాంగమా, పాత సూత్రాలతో కట్టే పూర్వ పద్ధతా అని పోట్లాడుకుంటూ ఒకే పండగను రెండు రోజులు చేస్తున్నాం. చెన్నైలో అయితే అట్ట మీద పాము బొమ్మ ఉండే పాత పద్ధతి వాక్య పంచాంగం ఒక మాట, దృక్ లెక్క తిరుక్కణితం ఇంకో మాట. నాకేమీ బాధ లేదు, ముగ్గులు జనవరి చలిలోనే బాగుంటాయి. మాది సైన్సు, వాళ్లది మతం అనే ముందు మాత్రం ఒక్కసారి తలెత్తి ఆకాశం చూడాలి.

సాహా క్యాలెండరు ఎందుకు నిలవలేదు? తప్పుందనా? తప్పే లేదు, ఎవరి నోటా లేదు, అదీ సమస్య. ఫ్రెంచి విప్లవకారులు 1793లో చర్చి మీద కోపంతో కొత్త క్యాలెండరు పెట్టారు, నెలకు 30 రోజులు, వారానికి పది రోజులు, అంతా పదుల్లో. ఏడు రోజులకోసారి దొరికే సెలవు పది రోజులకోసారి అయిపోతే కూలివాడికి తర్కం ఏం చేసుకోను? నెపోలియన్ 1806 జనవరి 1 నుంచి దాన్ని ఎత్తేశాడు. సోవియట్‌వాళ్లు 1929లో ఐదు రోజుల వారం పెట్టి, ఫ్యాక్టరీ ఆగకుండా ఉండాలని కార్మికుల్ని ఐదు గుంపులు చేసి గుంపుకొక సెలవు రోజు ఇచ్చారు. మొగుడి సెలవు నాడు పెళ్లాం డ్యూటీలో, పెళ్లాం సెలవు నాడు పిల్లలు బళ్లో. తర్వాత ఆరు రోజులు చేసి చూశారు. 1940లో మళ్లీ ఏడు రోజులకే వచ్చారు, ఆదివారంతో సహా.

అంత దూరం ఎందుకు, ఈ ఊళ్లోనే చూశాం. 2008లో కరుణానిధి ప్రభుత్వం తమిళ సంవత్సరాది చిత్తిరై 1 కాదు, తై 1 అని చట్టం చేసింది. ప్రభవ, విభవ లాంటి అరవై సంస్కృతం పేర్లు మనకొద్దన్నారు. జనం మాత్రం ఏప్రిల్ 14న మామూలుగానే వేపపువ్వు పచ్చడి చేసుకుని గుడికి వెళ్లారు. 2011లో జయలలిత ఆ చట్టాన్ని రద్దు చేస్తే, పండగ చేసుకునేవాళ్ల ఇంట్లో ఏ తేడా రాలేదు. నాకు నవ్వొచ్చే సంగతేమిటంటే తై 1 అంటే మకర సంక్రాంతే, దాన్ని లెక్కగట్టేదీ ఆ పంచాంగమే. ఆ ప్రభుత్వాలే వాడే తిరువళ్లువర్ సంవత్సరం ఇంకా సులువు, క్రీస్తు సంవత్సరానికి 31 కలిపితే చాలు, 2025 అయితే 2056. మతం వద్దనుకున్నవాళ్లు చివరికి పోప్ అంకెకీ పంచాంగం లెక్కకీ మధ్య ఇల్లు కట్టుకున్నారు.

మా వీధి చివర కిరాణా షాపు ఆయన ఏటా ఇచ్చే, రోజుకో కాగితం చింపే క్యాలెండరు నాకు వీటన్నిటికంటే పెద్ద సెక్యులర్ పత్రంలా కనిపిస్తుంది. నడుమ పెద్దక్షరాల్లో పోప్ తేదీ, పక్కన తమిళ నెల, ఓ మూల హిజ్రీ తేదీ, కింద రాహుకాలం. ఎవరికి కావలసింది వాళ్లు చూసుకుని కాగితం చింపేస్తారు.

నిజానికి నాకీ గొడవ కొత్తగా అనిపించదు, తెలుగువాళ్లం ఇదే ఊళ్లో దీన్ని భాష విషయంలో ఒకసారి పడ్డాం. 1910ల్లో, కాలేజీ చదువులో తెలుగు వ్యాసం గ్రాంథికంలో రాయాలా, మనుషులు మాట్లాడే భాషలో రాయాలా అని మద్రాసులో పెద్ద యుద్ధమే నడిచింది. అటు జయంతి రామయ్య పంతులు, ఇటు గిడుగు రామమూర్తి. గ్రాంథికంలో తప్పు లేదు, సూత్రం ఉంది, అందం ఉంది, సాహా క్యాలెండర్లాగే. గిడుగు వాదన ఒక్కటే, ఆ భాష మాట్లాడే మనిషిని ఒక్కణ్ని చూపించండి అని. ఆయన గెలిచాడు కాబట్టే మీరీ వ్యాసం చదవగలుగుతున్నారు. అయినా మనకు బుద్ధి రాలేదు. ప్రభుత్వ తెలుగు ఉత్తర్వు ఒకటి తీసి చదవండి, "ఇందుమూలముగా" దగ్గరే ఊపిరి ఆగుతుంది. ఏ మాట కనబడినా పుట్టుక ఎక్కడ అని ఆరా తీస్తాం, పని చేస్తుందా అని అడగం. "తారీఖు"కి బదులు "దినాంకము" అని రాసేవాళ్లున్నారు, తారీఖు అరబ్బీ నుంచి వచ్చిందట, మరి కిస్తీ, జమా, ఖర్చు ఎక్కడి నుంచి వచ్చాయి? అవి తీసేస్తే నెలాఖరుకు మన ఇంటి లెక్క ఏ భాషలో చూసుకుంటాం?

మొన్న మా పెద్దాయన నెల్లూరు దగ్గర పొలం అమ్మకానికి పెట్టి, కాగితాలు ఒకసారి చూసిపెట్టమని ఇంటికి వచ్చారు. పొలం రికార్డు అడంగల్ మీద ఫసలీ 1434 అని ఉంది. "ఇదే సంవత్సరం బాబాయ్ గారూ?" అన్నాను, తెలిసే అడిగాను. "590 కలుపు. 2024 జూలై నుంచి 25 జూన్ దాకా" అన్నారు తడుముకోకుండా.

"ఎవరు పెట్టిన లెక్క ఇది?"

"కరణాల లెక్క బాబూ, మా తాతల కాలం నుంచీ ఇదే."

ఫసల్ అంటే పంట అనీ, హిజ్రీ ఏడాది సూర్యుడి ఏడాది కంటే దాదాపు 11 రోజులు తక్కువ కాబట్టి దానితో కోతల వేళకు శిస్తు వసూలు కాక, మొగలుల కాలంలో ఆ హిజ్రీ అంకెనే తీసుకుని పంటల ప్రకారం నడిపించారనీ, అది అక్బర్ నాటి మాటనీ, ఇప్పటికీ ఆంధ్రాలోనే కాదు ఈ తమిళనాడు తాలూకా ఆఫీసుల్లో కూడా జమాబందీ, అంటే ఏటా జరిగే శిస్తు లెక్కల తనిఖీ, దాని ప్రకారమే జరుగుతుందనీ చెప్పాను. ఆయన కాగితాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని ఆ అంకె మళ్లీ చదివారు.

"దీన్ని కూడా మార్చమని గ్రూపులో పెడదామా?" అన్నాను.

"ముందు రిజిస్ట్రేషన్ కానీ బాబూ" అని కాగితాలు మడిచి సంచిలో పెట్టుకున్నారు.