ఒక సాఫ్ట్‌బాల్ కోచ్ సర్వీసు రిజిస్టరుపై నా అభ్యంతరాలు

జిల్లా కార్యాలయంలో ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేసిన నాకు మనిషిని మొహం చూసి అంచనా వేయడం చేతకాదు. సర్వీసు రిజిస్టరు చూడాలి. చేరిన తేదీ, ఇంక్రిమెంట్లు, బదిలీలు, సెలవులు, మెమోలు వరుసగా చదువుకుంటూ పోతే ఆ మనిషి జాతకం దానంతట అదే బయటపడుతుంది. ప్రస్తుతం విజిటర్ వీసా మీద మిషిగన్‌లో కూతురింట్లో ఉంటున్న నాకు ఆ విద్యతో మళ్లీ పని పడింది. పద్నాలుగేళ్ల మా మనవరాలు పెద్దయ్యాక కాలేజీ సాఫ్ట్‌బాల్ కోచ్‌నవుతానని భోజనాల దగ్గర ప్రకటించగా, మా అల్లుడు సాంబారు గరిటె గాలిలోనే ఆపి, "మామయ్యగారూ, మీరైనా నాలుగు మాటలు చెప్పండి" అన్నాడు. రికార్డు చూడకుండా నేను ఎవరికీ ఏమీ చెప్పను. అందువల్ల ఈ ఉద్యోగంలో ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడలను నడిపే సంస్థ) చరిత్రలోనే అత్యధిక విజయాలు సాధించిన కరోల్ హచిన్స్ గారి సర్వీసును తీసుకుని, నిబంధనల ప్రకారం పరిశీలించాను. ఆమెను ఇక్కడ అందరూ 'హచ్' అంటారు. మన వైపు హచ్ అంటే ఒకప్పటి సెల్‌ఫోన్ కంపెనీ, పిల్లవాడి వెంట పరిగెత్తే ఆ కుక్కపిల్ల గుర్తుకొస్తాయి గానీ, ఈవిడకు ఆ రెండింటితోనూ సంబంధం లేదు.

మొదటి అభ్యంతరం ఆట పేరు మీదే. బేస్‌బాల్‌ను పోలిన ఈ సాఫ్ట్‌బాల్‌లో మెత్తదనమేదీ లేదు. 1887లో షికాగోలో ఒక బోట్ క్లబ్బు హాలులో బాక్సింగ్ గ్లవ్‌ను ఉండలా కట్టి ఆడిన రోజున అది మెత్తగా ఉండి ఉండవచ్చు. ఇప్పుడు మా మనవరాలు నా అరచేతిలో పెట్టిన బంతి 12 అంగుళాల చుట్టుకొలతతో, నిమ్మపండు రంగులో, ఎర్ర కుట్లతో, పచ్చి వెలగకాయంత గట్టిగా ఉంది. దానిని 43 అడుగుల దూరం నుంచి, చేతిని గాలిమరలా గిర్రున తిప్పి, నడుము కింది నుంచి విసురుతారు. బ్యాటు పట్టుకున్న పిల్ల దగ్గరికి అది చేరడానికి అర సెకను కూడా పట్టదు. పేరులోనే ఇంత తప్పుడు నమోదు ఉన్న శాఖలో మిగిలిన రికార్డులు ఎలా ఉంటాయో చెప్పనక్కరలేదు.

రెండవది పూర్వ నడవడిక ధ్రువీకరణ. ఉద్యోగంలో చేరకముందే ఈమె మీద కోర్టు వ్యవహారం ఉంది. మీద అంటే, వేసింది ఈమే. మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో బాస్కెట్‌బాల్, సాఫ్ట్‌బాల్ రెండూ ఆడుతూ, 1976లో సాఫ్ట్‌బాల్ జట్టుతో జాతీయ విజేతగా కూడా నిలిచిన ఈ విద్యార్థిని, ప్రయాణాల్లోనూ తిండిఖర్చుల్లోనూ వసతుల్లోనూ మగపిల్లల జట్టుకొక పద్ధతి, ఆడపిల్లల జట్టుకొక పద్ధతి ఏమిటని 1979లో తన విశ్వవిద్యాలయం మీదే దావా వేసింది. చదువులో ఆడా మగా తేడా చూపరాదని చెప్పే టైటిల్ నైన్ చట్టం అప్పటికి ఏడేళ్ల కిందటే, 1972లోనే వచ్చేసింది. చట్టం వచ్చినంత మాత్రాన అమలు కూడా అడుగుతారా? మా ఆఫీసులో జీవోలు గోడకు అంటించేవాళ్లం. వాటిని పట్టుకుని ఎవరూ హైకోర్టుకు వెళ్లేవారు కాదు.

ఇక అసలు సర్వీసు. ఒక్క సంవత్సరం ఫెర్రిస్ స్టేట్ విశ్వవిద్యాలయంలో పనిచేసి, 1983లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో సహాయ కోచ్‌గా చేరి, 1985లో హెడ్ కోచ్ అయ్యారు. ఆ తర్వాత రిజిస్టరులో పేజీలు తిప్పుతూనే ఉన్నాను. 2022 దాకా అదే హోదా, అదే ఊరు, అదే మైదానం. 38 సీజన్లలో ఒక్క పదోన్నతి లేదు, ఒక్క బదిలీ లేదు. మన దగ్గర ఒకే పోస్టులో కదలకుండా ఉండిపోయిన గుమాస్తాకు సైతం 6, 12, 18, 24 ఏళ్లకు ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ స్కీము కింద ఒక్కో మెట్టు ఎక్కించి ఓదారుస్తాము. పైగా తొలి రోజుల్లో మైదానాన్ని చదును చేసుకోవడం వంటి పనులు కూడా కోచ్‌లే చేసుకోవలసి వచ్చేది. గెజిటెడ్ స్థాయి అధికారి నాలుగో తరగతి ఉద్యోగి విధులు నిర్వర్తించడం వల్ల ఆడిట్‌లో ఎన్ని పేరాలు పడతాయో ఆ విశ్వవిద్యాలయంలో ఎవరూ ఆలోచించినట్లు లేదు.

టూర్ డైరీ చూస్తే నాకు కళ్లు తిరిగాయి. కాలేజీ సాఫ్ట్‌బాల్ సీజను ఫిబ్రవరిలో మొదలవుతుంది. ఫిబ్రవరిలో మిషిగన్ ఎలా ఉంటుందో రెండు స్వెట్టర్ల మీద శాలువా కప్పుకుని ఇది రాస్తున్న నన్ను అడగండి. మైదానం మంచు కింద ఉండగా జట్టును వెంటేసుకుని ఫ్లోరిడా, కాలిఫోర్నియా అంటూ వారాల తరబడి పరాయి ఊళ్లలో ఆడి, వసంతంలో ఇల్లు చేరుకోవాలి. ఎండ కాసే రాష్ట్రాల పిల్లలు ఏడాది పొడుగునా ఆరుబయట ఆడుకుంటారు గనుక, ఎన్‌సీఏఏ 1982లో మహిళల సాఫ్ట్‌బాల్ పోటీలు మొదలుపెట్టినప్పటి నుంచి రెండు దశాబ్దాలకు పైగా మిసిసిపీ నదికి తూర్పున ఉన్న ఏ జట్టూ ఆ కప్పు ఎత్తలేదు. నదిని, వాతావరణాన్ని, చరిత్రను గౌరవించి ఊరుకోవడం ఉద్యోగి లక్షణం. ఈమె ఊరుకోలేదు. 2005 జూన్‌లో ఓక్లహోమా సిటీలో, అంతకు ముందు రెండేళ్లూ వరుసగా గెలిచిన కాలిఫోర్నియా జట్టు యూసీఎల్‌ఏతో ఫైనల్లో మూడో మ్యాచ్ దాకా వెళ్లారు. ఏడు ఇన్నింగ్సులలో తేలవలసిన ఆట పదో ఇన్నింగ్సుకు సాగింది. అప్పుడు కాలేజీలో మొదటి సంవత్సరం చదువుతున్న సమంతా ఫిండ్లే మూడు పరుగుల హోమ్ రన్ (మన క్రికెట్ సిక్సర్ లాంటి దెబ్బ) కొట్టింది. 4–1. మా మనవరాలు ఆ దెబ్బను ఫోనులో నాకు పదిసార్లు చూపించింది. పదోసారి నేనే అడిగాను, పరిశీలన నిమిత్తం.

అయితే 38 ఏళ్లకు ఒకే ఒక్క జాతీయ టైటిలు. ఓక్లహోమా కోచ్ ప్యాటీ గాసో గారికి ఎనిమిది ఉన్నాయి, అందులో నాలుగు 2021 నుంచి 2024 వరకు వరుసగా. పోల్చి చూపకపోతే మన పిల్లలకు బుద్ధి ఎలా వస్తుంది?

ఇక నియామకాల విభాగం గురించి తప్పక చెప్పాలి. కోచ్ అసలు పని ఆట నేర్పడం కంటే పిల్లల్ని వెతికి పట్టుకోవడమే. ఒక దశలో ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలే ఫలానా కాలేజీకి ఆడతామని మాట ఇచ్చేసేవారు. 2018లో ఎన్‌సీఏఏ దీనికి అడ్డుకట్ట వేసి, హైస్కూలు మూడో ఏడాది సెప్టెంబరు 1 వరకు ఆ సంప్రదింపులు కూడదన్నది. ఇది విని నేను నవ్వుకున్నాను. ఆరో తరగతిలోనే ఐఐటీ ఫౌండేషన్‌లో చేర్చే వాళ్లం, మనకు ఇలాంటి నిబంధన ఒకటి పెడితే ఎన్ని భవనాలు ఖాళీ అవుతాయో! ఇప్పుడైతే పిల్లల్ని పట్టుకోవడమే కాదు, నిలుపుకోవడం కూడా కోచ్ పనే అయింది. 2024లో నైజారీ కెనడీ అనే పిచర్ (బంతి విసిరే అమ్మాయి) స్టాన్‌ఫర్డ్ వదిలి టెక్సాస్ టెక్‌కు మారినప్పుడు కుదిరిన ఒప్పందం 10,50,024 డాలర్లు. ఆ చివరి 24 దేనికని అడిగాను. ఆమె జెర్సీ నంబరట. జీతంలో హాల్ టికెట్ నంబరు కూడా కలిపి ఇవ్వడం నా సర్వీసులో చూడలేదు.

ఈ డబ్బు సంగతిలో ఇంకొక విచిత్రం ఉంది. 1972లో మహిళల కాలేజీ జట్లకు కోచ్‌లుగా 90 శాతానికి పైగా మహిళలే ఉండేవారు. ఆడపిల్లలకు న్యాయం చేయమని చట్టం వచ్చింది, జట్లు పెరిగాయి, జీతాలు వచ్చాయి. ఇప్పుడు అన్ని ఆటలూ కలిపి చూస్తే ఆ కుర్చీల్లో మహిళలు సగానికి తక్కువే. ఉచితంగా చేసినంత కాలం అది సేవ, జీతం పడిన మరునాటి నుంచి అది కెరీరు. మా మనవరాలిని నిరుత్సాహపరచడానికి ఇంతకంటే మంచి ఆధారం దొరకదని గట్టిగా గీత గీసి పెట్టుకున్నాను.

హచిన్స్ గారు 2022 ఆగస్టులో పదవీ విరమణ చేశారు. స్టేడియానికి ఇప్పుడు ఆమె పేరు పెట్టారు. తర్వాత ఆ కుర్చీలోకి వచ్చిన బానీ థోల్ గారు అంతకు ముందు 29 ఏళ్లు ఆమె కిందే సహాయ కోచ్‌గా ఉన్నారు. 29 ఏళ్ల పాటు ఒక్క ఆకాశరామన్న ఉత్తరం కూడా రాయకుండా సీనియారిటీలో నిలబడిన మనిషిని నేను ఈ దేశంలోనే చూడవలసి వచ్చింది.

పై కారణాల దృష్ట్యా ఈ ఉద్యోగాన్ని సిఫారసు చేయలేమని నోట్ ఫైలు రాసి, విజయాలు 1,707, ఓటములు 555 అని రెండు కాలమ్‌లు గీసి, కూడికలు సరిచూసి, సంతకం చేసి డైనింగ్ టేబుల్ మీద పెట్టాను. సాయంత్రం ప్రాక్టీసు నుంచి వచ్చిన మనవరాలు మోకాళ్ల మట్టితోనే కుర్చీలో కూర్చుని ఫైలు మొదటి నుంచి చివరి దాకా చదివింది. "తాతయ్యా, ఐదు వదిలేశావు" అన్నది. గెలవక, ఓడక, సమంగా ముగిసిన మ్యాచులట. వాటిని ఏ కాలమ్‌లో చూపాలో తేలక ఫైలు ప్రస్తుతం నా దగ్గరే పెండింగులో ఉంది.