క్లేర్ రైతుల ఓటును మరిచిపోకండి
ఉప ఎన్నికలు ఖాళీ సీటు నింపడానికే తప్ప దేన్నీ మార్చలేవని వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. 1828లో ఐర్లాండ్‌లోని క్లేర్ కౌంటీ సంగతే చూడండి. అక్కడి ఎంపీ ఫిట్జ్‌గెరాల్డ్‌కు మంత్రి పదవి వచ్చింది, అప్పటి రూలు ప్రకారం ఆయన మళ్లీ ఎన్నిక కావాలి. ఆయన మీద క్యాథలిక్ నాయకుడు డేనియల్ ఓకానెల్ నిలబడ్డాడు. క్యాథలిక్కులు పోటీ చేయకూడదన్న చట్టమేమీ లేదు, కానీ గెలిచినా బ్రిటన్ పార్లమెంటులో కూర్చోవాలంటే తమ మతాన్నే తప్పుబట్టే ప్రమాణం చేయాలి. రహస్య ఓటు లేని రోజులవి, అందరి ముందూ పేరు పైకి చెప్పాలి. భూస్వామికి కోపం వస్తే కౌలు భూమి పోవచ్చు. అంత టెన్షన్‌లోనూ ఆ చిన్న రైతులు ఓకానెల్‌ను రెట్టింపు కంటే ఎక్కువ ఓట్లతో గెలిపించారు. మరుసటి ఏడాదే ప్రభుత్వం దిగివచ్చి క్యాథలిక్కులకు పార్లమెంటు తలుపులు తెరిచింది. నాకు బాధ కలిగించేది ఇంకొకటి. అదే సమయంలో ఓటు హక్కుకు కావాల్సిన భూమి విలువను 40 షిల్లింగుల (అంటే 2 పౌండ్ల) నుంచి 10 పౌండ్లకు పెంచేశారు. గెలిపించిన వాళ్లకే ఓటు లేకుండా పోయింది. వ్యాసంలో వాళ్ల గురించి ఒక్క ముక్కైనా రాయాల్సింది.